ఏ పక్కన నిలబడి చూశావు?

మేము ముప్పై ఏళ్లుగా మదరసాలో బోధిస్తున్నాము. చిన్నవారికి ఖాయిదా, అక్షరోచ్చారణ. పెద్దవారికి వారసత్వ వాటాల లెక్కలు. ఇదీ మా పని. కంప్యూటర్ ఆటను గురించి ఈ పత్రికలో కలం పట్టవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. ఆటల మీద మాకు గొప్ప అభిప్రాయమూ లేదు. అయినా గత షాబాన్ సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి, పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికివస్తుందని తోచి రాస్తున్నాము. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచి మిగిలినది చెబితే అది సగం మాట అవుతుంది.

మాకు ముగ్గురు సంతానం. పెద్దమ్మాయి అత్తవారింట ఉన్నది. అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నమ్మాయికి పదకొండేళ్లు. ఆమెకు పుట్టుక నుంచీ రెండు చెవులా వినికిడి లోపం ఉన్నది. చెవికి యంత్రం పెట్టుకుంటుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే చక్కగా అందుకుంటుంది. గదిలో నలుగురు ఒక్కసారి మాట్లాడితే తడబడుతుంది. ఏ చప్పుడు ఎటునుంచి వచ్చిందో పోల్చుకోవటం ఆమెకు కష్టం.

అన్నాచెల్లెళ్లు ఇద్దరూ సెలవుల్లో ఆడుకునే ఆట మైన్‌క్రాఫ్ట్. మీ ఇళ్లలోని పిల్లలు దాని పేరు ఎరిగే ఉంటారు. స్వీడన్ దేశంలో మార్కుస్ పెర్సన్ అనే ప్రోగ్రామర్ దీనికి శ్రీకారం చుట్టాడు. 2011 నవంబరులో పూర్తి రూపంలో వెలువడింది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

ఆ ఆటలోని ప్రపంచమంతా ఘనాకారపు దిమ్మెలతో కట్టి ఉంటుంది. వాటిని బ్లాకులంటారు. ఒక్కొక్కటి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. మట్టి ఒక రకం బ్లాకు, రాయి ఒక రకం, నీరు ఒక రకం. ఏమీ లేని గాలి సైతం లెక్కకు ఒక బ్లాకే. పిల్లలు ఆ రాళ్లను తవ్వుతారు, ఇళ్లు కడతారు, నేల లోతుల్లో సొరంగాలు వేసి వజ్రాలు వెదుకుతారు. వజ్రాలుండే లోతుల్లోనే లావా కూడా ఎక్కువ. తవ్వుతూ తవ్వుతూ అడ్డుగా ఉన్న రాయిని తీసినప్పుడు పక్కన లావా ఉంటే అది సొరంగంలోకి ప్రవహిస్తుంది. ఆటగాడు కాలిపోతాడు. అతడు మళ్లీ లేచి వస్తాడు గానీ, మూటలోని వస్తువులు లావాలో పడితే దాదాపు అన్నీ బూడిదే.

లావా ఊరకే ఉండదు. బుడబుడమని చప్పుడు చేస్తుంది. గోడ అవతల ఉన్నా చెవులు బాగున్నవారికి ఆ చప్పుడు ముందే తెలుస్తుంది, తవ్వటం ఆపుతారు. మా అమ్మాయికి తెలియదు. చెవి యంత్రం మీద హెడ్‌ఫోన్ పెడితే కీచుమని కూస్తుంది. తీసి పెట్టుకుంటే వినబడదు. చప్పుళ్లను అక్షరాలలో చూపే ఏర్పాటు ఆ ఆటలోనే ఉన్నది. అన్న దానిని పెట్టి చూశాడు. అది చప్పుడు పేరు చూపుతుంది, కుడివైపా ఎడమవైపా అన్నది గుర్తుతో చూపుతుంది. ఎంత దూరమో, పైనో కిందో చెప్పదు. పైగా నాలుగైదు వరుసలు ఒకేసారి వచ్చి పోతుంటే, అవి చదివేలోపే జరగవలసింది జరిగిపోయేది.

అప్పుడు మా అబ్బాయికి ఒక ఆలోచన కలిగింది. ఈ ఆటకు మన సొంత మార్పులు చేర్చుకోవచ్చు. అటువంటి చేర్పును మాడ్ అంటారు. ఫోర్జ్, ఫ్యాబ్రిక్ అనే పనిముట్లతో, జావా భాషలో వాటిని రాస్తారు. చెల్లెలి చుట్టుపక్కల లావా బ్లాకు ఉంటే తెర మీద ఎర్రదీపం వెలిగే మాడ్ రాస్తానని కూర్చున్నాడు.

మేము మొదట ఒప్పుకోలేదు. ఇషా తరువాత కూడా కంప్యూటర్ ముందే ఉంటున్నాడని పిల్లల తల్లి చెప్పగా, ఒకనాడు వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాము.

“ఇది ఏం చేస్తుంది నాయనా?” అని అడిగాము.

“చుట్టూ చూస్తుంది అబ్బాజాన్” అన్నాడు.

“ఎలా చూస్తుంది? దానికి కళ్లున్నాయా?”

“కళ్లు లేవు. అడుగుతుంది. ఒక్కొక్క బ్లాకు దగ్గరకు పోయి, నువ్వు ఎవరు అని అడుగుతుంది.”

వాడు చెప్పిన పద్ధతి ఇది. ఆటలోని ప్రతి చోటుకూ మూడు అంకెలుంటాయి. తూర్పు పడమరలకు ఒకటి, ఎత్తుకు ఒకటి, ఉత్తర దక్షిణాలకు ఒకటి. ఆటగాడు నిలబడిన చోటు నుంచి తూర్పుకు ఇన్ని, పడమరకు ఇన్ని, పైకి ఇన్ని, కిందికి ఇన్ని, ఉత్తరానికి ఇన్ని, దక్షిణానికి ఇన్ని అని హద్దు పెట్టుకోవాలి. ఆ హద్దు లోపలి గళ్లన్నిటినీ వరుసగా చుట్టి రావాలి. ఒకదానిలో ఒకటిగా మూడు లూపులు తిరుగుతాయి. ప్రతి గడి దగ్గరా ఒకటే ప్రశ్న: నువ్వు లావావా? అవునంటే దీపం వెలుగుతుంది.

వింటున్నప్పుడు మాకు ఒక సందేహం వచ్చింది. “గోడ అవతల ఉన్నది ముందే తెలుసుకుంటే అది మోసం కాదా?” అన్నాము.

వాడు కొంచెం సేపు ఆలోచించాడు. “నేను ఆడేటప్పుడు గోడ అవతల లావా చప్పుడు నాకు వినబడుతుంది అబ్బాజాన్. చెల్లికి వినబడదు. నాకు చెవి చెప్పేదే చెల్లికి కన్ను చెబుతుంది. అంతకంటే ఎక్కువ ఏమీ ఇవ్వటం లేదు” అన్నాడు. తరువాత తానే ఇంకో మాట చెప్పాడు. ఈ ప్రోగ్రాంలో లావా అన్న ఒక్క పేరు తీసి వజ్రం అన్న పేరు పెడితే, రాతి వెనక దాగిన వజ్రాలన్నీ ఇట్టే బయటపడతాయట. దానిని ఎక్స్‌రే అంటారట. పదిమంది కలిసి ఆడేచోట్ల చాలావరకు అది నిషిద్ధం. మూడు లూపులూ అవే. అడిగే ప్రశ్న మారితే సాయం కాస్తా మోసమవుతుంది. “వజ్రం పేరు చేర్చనని మాట ఇస్తే రాసుకో” అన్నాము. మాట ఇచ్చాడు.

మొదటి సారి వాడు హద్దును 16 బ్లాకులకు పెట్టాడు. ఆ ఆటలో మామూలు చప్పుళ్లు వినబడే దూరం అంతేనట. న్యాయంగానే ఉన్నదనిపించింది. అయితే లెక్క చూడండి. ఇటు 16, అటు 16, నిలబడిన గడి ఒకటి. వెరసి ఒక వరుసకు 33. మూడు దిశలకు 33ను మూడుసార్లు గుణిస్తే 35,937 గళ్లు. ఆటలోని కాలం సెకనుకు 20 చొప్పున చిన్న అంగలు వేస్తుంది. ప్రతి అంగలోనూ అన్ని గళ్లనూ అడిగితే సెకనుకు 7,18,740 ప్రశ్నలు. మా ఇంట్లోది ఎవరో వాడి అమ్మిన కంప్యూటరు. ఆట తడబడి తడబడి నడిచింది.

దానికి మించిన ఇబ్బంది మరొకటి వచ్చింది. లోతుకు దిగితే 16 బ్లాకుల లోపల ఎక్కడో ఒకచోట లావా ఉండనే ఉంటుంది. కాబట్టి దీపం ఆరేదే కాదు. రెండు రోజులకు అమ్మాయి దానివంక చూడటమే మానేసింది. ఎప్పుడూ వెలిగే దీపం హెచ్చరిక ఎలా అవుతుంది? తరగతిలో రోజంతా గద్దించే ఉపాధ్యాయుని గొంతును పిల్లలు పట్టించుకోరు. ఆ సంగతి మాకు అనుభవమే.

దానితో వాడు రెండో కొసకు పోయాడు. 16 తీసేసి 1 పెట్టాడు. ఆటగాడిని ఆనుకుని ఉన్న గళ్లు మాత్రమే. మూలలతో సహా మొత్తం 27. కంప్యూటరుకు భారం లేదు. దీపం అవసరమైనప్పుడే వెలుగుతుంది. ఇంటి వెనక సొరంగంలో లావా పక్కన పదిసార్లు నిలబడి పరీక్షించాడు. పదిసార్లూ వెలిగింది. చెల్లెలిని పిలిచి, “ఇక నిశ్చింతగా తవ్వుకో” అన్నాడు.

మూడో రోజు అసర్ వేళ ఇంట్లో ఏడుపు వినబడింది. పది రోజులుగా పోగు చేసుకున్న వజ్రాలన్నీ లావాలో పోయాయి. ఎదుటి రాయి తీసిందట, దాని పక్కనే మూలగా లావా ఉన్నదట, సొరంగంలోకి వచ్చేసిందట.

“దీపం వెలిగింది కదా, ఎందుకు తవ్వావు?” అని అన్న అడిగాడు.

“వెలగలేదు” అన్నది.

“వెలగకపోవటమేమిటి? నేను పదిసార్లు చూశాను. నీకే ధ్యాస లేదు.”

ఆ అమ్మాయి మారు మాట్లాడలేదు. యంత్రాలు చెవుల నుంచి తీసి పెట్టెలో పెట్టుకుని లోపలికి పోయింది. విసుగు కలిగినప్పుడు, ఇక ఎవరి మాటా వద్దనుకున్నప్పుడు ఆమె అలా చేస్తుంది.

మేము గుమ్మంలోనే నిలబడిపోయాము. “నీకే ధ్యాస లేదు” అన్న మాట మా అబ్బాయి కొత్తగా కనిపెట్టినది కాదు. అది మా నోట విన్నాడు. ఇప్పుడు మా తప్పు చెప్పాలి.

మా చిన్నమ్మాయికి నాలుగున్నర ఏళ్లప్పుడు మేమే ఖాయిదా మొదలుపెట్టాము. అలిఫ్ పలికింది, మీమ్ పలికింది, నూన్ పలికింది. సీన్ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. సీన్ అన్నా, షీన్ అన్నా, ఫా అన్నా ఆమె నోట ఒకే విధమైన ఊపిరి వచ్చేది. ప్రతి అక్షరం ఏ స్థానం నుంచి పుడుతుందో పిల్లలకు చెప్పటమే మా వృత్తి. ఎందరో పిల్లల నాలుకలు సరిచేసిన మాకు సొంత బిడ్డ నాలుక లొంగలేదు. రెండేళ్లు చెప్పాము. గొంతు పెంచాము. తోటి పిల్లల ముందు నిలబెట్టాము. ఒకటి రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాము. “నీకు ధ్యాస లేదు” అన్న మాట రోజూ అనేవాళ్లము. పక్కన కూర్చుని అన్న వినేవాడు.

వినికిడి మీద అనుమానం రాలేదా అని మీరు అడగవచ్చు. పిల్లల తల్లికి ఒకసారి వచ్చింది. మేమే కొట్టివేశాము. “పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నది కదా!” అన్నాము. వెంటనే వెనక నుంచి ఆమె పేరు పిలిచి చూపించాము కూడా. వెనుదిరిగి చూసింది. దానితో పరీక్ష అయిపోయిందనుకున్నాము.

ఏడో ఏట బడిలో ఆమె తరగతి ఉపాధ్యాయిని కనిపెట్టింది. డిక్టేషన్ చెప్పేటప్పుడు తాను పిల్లలవైపు తిరిగి ఉంటే ఈ అమ్మాయి అన్నీ సరిగ్గా రాస్తున్నది; తాను నల్లబల్లవైపు తిరిగి చెబితే తప్పులు పోతున్నది. “ఈ పాప పెదవులు చూసి రాస్తున్నది, చెవి పరీక్ష చేయించండి” అని చీటీ పంపింది. కర్నూలు తీసుకువెళ్లాము. వైద్యుడు ఆడియోగ్రాం కాగితం మా ముందు పెట్టి గీతను వేలితో చూపించాడు. ఎడమవైపు, అంటే మంద్ర స్వరాల దగ్గర, గీత దాదాపు సరిగానే ఉన్నది. కుడివైపుకు, అంటే హెచ్చు స్వరాలకు పోయేకొద్దీ మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది. పేరు పెట్టి పిలిస్తే అచ్చుల బలంతో వినబడుతుంది. స, ష, ఫ వంటి సన్నని ఊపిరి ధ్వనులు ఆమె దాకా చేరనే చేరవు. వినబడని అక్షరాన్ని ఎవరు పలకగలరు? ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉన్నది.

మా పరీక్ష అబద్ధం కాదు. పిలిచాము, పలికింది. అయితే ఆమెకు వినబడేచోట మాత్రమే పరీక్షించి, వినబడనిచోట ఆమెదే తప్పు అన్నాము.

అందుచేత ఆ సాయంత్రం మా అబ్బాయిని మందలించలేదు. వాడి పక్కన కూర్చుని ఒకే ప్రశ్న అడిగాము.

“పదిసార్లు పరీక్షించానన్నావు. ఏ పక్కన నిలబడి చూశావు?”

“ఇంటి వెనక సొరంగంలో.”

“అది ఇంటికి ఏ దిక్కు?”

“తూర్పు.”

“చెల్లి తవ్వినది?”

వాడు తెర చూసుకున్నాడు. “పడమర” అన్నాడు.

“అయితే పడమరకు వెళ్లి, ఆ పిల్ల నిలబడినచోటే నిలబడి చూడు.”

దిక్కు మారితే ప్రోగ్రాం ఎందుకు మారుతుందని వాడికి నమ్మకం లేదు. అయినా వెళ్లాడు. మరోచోట అదే విధంగా మూలగా లావా ఉండేటట్టు అమర్చుకుని నిలబడ్డాడు. దీపం వెలగలేదు. ఒక్క అడుగు అటూ ఇటూ జరిగి మళ్లీ చూశాడు. వెలగలేదు. వాడి ముఖం చిన్నబోయింది.

ఆ ఆటలో ఎఫ్3 అనే మీట నొక్కితే ఆటగాడి స్థానం అంకెలలో కనిపిస్తుంది. భిన్నంతో ఒక వరుసలో, బ్లాకు సంఖ్యగా మరో వరుసలో చూపుతుంది. తూర్పు పడమరల అంకె భిన్నంతో -37.4 అని ఉన్నది. బ్లాకు సంఖ్య -38 అని ఉన్నది. తన మాడ్ లెక్కలో ఏముందో చూడమన్నాము. అందులో -37 అని ఉన్నది.

భిన్నాలు మాకు కొత్త కావు. వారసత్వపు లెక్కలలో పుట్టి పెరిగినవాళ్లము. నోటు పుస్తకం తీయించి ఒక అడ్డగీత గీయించాము. దానిమీద గదులు కట్టించాము. సున్న నుంచి ఒకటి దాకా ఉన్న గది పేరు 0. ఒకటి నుంచి రెండు దాకా ఉన్నది 1. మూడు నుంచి నాలుగు దాకా ఉన్నది 3. కాబట్టి 3.4 దగ్గర నిలబడినవాడు 3వ గదిలో ఉన్నాడు. దశాంశం తుడిచేస్తే గది పేరు దొరికింది. తూర్పున ఈ ఉపాయం ఎప్పుడూ సరిపోతుంది.

ఇప్పుడు సున్నకు పడమర చూడండి. సున్న నుంచి -1 దాకా ఉన్న గది పేరు -1. తరువాతి గది -2. ఈ లెక్కన -3.4 దగ్గర నిలబడినవాడు -4 అనే గదిలో ఉన్నాడు. కానీ దశాంశం తుడిచేస్తే -3 వస్తుంది. అది పక్క గది! సున్నకు అటు ఉన్న గది, ఇటు ఉన్న గది రెండూ 0 అనే ఒకే పేరుకు వస్తాయి. అక్కడి నుంచి పడమర అంతా ఒక గది చొప్పున తప్పిపోతుంది. ఉత్తర దిక్కున కూడా ఆటలో సంఖ్యలు రుణాత్మకమే కాబట్టి అక్కడా ఇదే తప్పు.

జావా భాషలో దశాంశ సంఖ్యను పూర్ణసంఖ్యగా మార్చమంటే అది భిన్నాన్ని కోసివేస్తుంది, సున్నవైపుకు జరుగుతుంది. మనకు కావలసింది సున్నవైపుకు జరగటం కాదు, ఎప్పుడూ కింది పూర్ణసంఖ్యకు దిగటం. దానికి ఫ్లోర్ అనే వేరే ఆదేశం ఉన్నది. ఆటగాడు ఏ బ్లాకులో ఉన్నాడో నేరుగా చెప్పే ఏర్పాటు కూడా ఆటలోనే సిద్ధంగా ఉన్నది. మా అబ్బాయికి ఆ తేడా తట్టలేదు, ఎందుకంటే వాడు నిలబడిన వైపున ఆ తేడా లేదు.

చెల్లెలు -38వ గదిలో ఉన్నది. మాడ్ ఆమెను -37లో ఉన్నట్టు భావించి, -38 నుంచి -36 వరకు అడిగింది. లావా -39లో ఉన్నది. ఆ గడిని ఎవరూ అడగలేదు. అడగని గడి జవాబు చెప్పదు, దీపం వెలగదు. అమ్మాయి చెప్పినది అక్షరాలా నిజం.

వాడు లేచి లోపలికి వెళ్లాడు. చెల్లెలి ఎదురుగా కూర్చుని, ఆమె యంత్రాలు పెట్టుకునే దాకా ఆగి, “దీపం వెలగలేదు. నువ్వు చెప్పింది నిజం. తప్పు నాది” అన్నాడు. మేము గుమ్మం దగ్గరే ఉన్నాము. మేము ఆడియోగ్రాం కాగితం చేతికి వచ్చిన తరువాత కూడా అంత సూటిగా ఆ మాట చెప్పలేకపోయాము. ఆమెకు మిఠాయి కొనిపెట్టాము, కొత్త బట్టలు కుట్టించాము. తప్పు మాది అని మాత్రం అనలేదు. ఆ రాత్రి అన్నాము. ఆమె నవ్వి, “అది ఎప్పటిదో కదా అబ్బాజాన్” అన్నది. ఎప్పటిదో ఆమెకు గుర్తున్నది.

మరునాటి నుంచి వాడు మాడ్‌ను మళ్లీ రాశాడు. ఈసారి చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని రాశాడు. ఎంత దూరంలో ఉండగా తెలిస్తే నీకు చాలు అని ఆమెనే అడిగాడు. అయిదు బ్లాకులు చాలన్నది. అటూ ఇటూ అయిదేసి అంటే 11ను మూడుసార్లు గుణించి 1,331 గళ్లు. ఘనం మూలలు మరీ దూరం. అయిదు అన్న హద్దులో మూల గడి ఎనిమిదిన్నరకు పైగా దూరాన పడుతుంది. కాబట్టి మూలలు కోసి గోళంగా చేశాడు. మూడు దిశల దూరాలను వేర్వేరుగా వర్గం చేసి కూడితే మొత్తం 25కు మించరాదు. వర్గమూలం తీసే శ్రమ కూడా లేదు. అప్పుడు మిగిలిన గళ్లు 515. వాటిని దగ్గర నుంచి దూరానికి వరుస పెట్టి ముందే ఒక పట్టిక రాసి పెట్టుకున్నాడు. మొదట దొరికిన లావాయే అన్నిటికన్న దగ్గరిది. అక్కడితో వెదకటం ఆపవచ్చు. సెకనుకు ఇరవైసార్లు అడగటం మాని రెండుసార్లు అడుగుతున్నాడు. ఎంత ఎక్కువైనా సెకనుకు 1,030 ప్రశ్నలు. పాత కంప్యూటరు హాయిగా నడుస్తున్నది.

అయిదు దగ్గర పసుపు దీపం, రెండు దగ్గర ఎరుపు. పక్కనే దిక్కు చూపే బాణం, దూరం చెప్పే అంకె. పైన ఉంటే “పైన”, కింద ఉంటే “కింద” అని తెలుగులో వస్తుంది. ఆ పదాలు అమ్మాయే ఎంచింది.

వాడు పడమర పరీక్షించి, అంతా సరిపోయిందని చెప్పబోతుండగా ఆమె అడిగింది: “ఉత్తరం చూశావా?” వాడు వెళ్లి ఉత్తరం చూశాడు. దక్షిణం చూశాడు. పైన, కింద చూశాడు. ఆ తరువాతే ఆమె తవ్వటానికి దిగింది.

ప్రియ పాఠకులారా, పిల్లలకు ఆటలు కొనిపెట్టండని మేము చెప్పటం లేదు. ఇప్పటికీ ఇషా తరువాత మా ఇంట్లో కంప్యూటర్ ఆగిపోతుంది. మేము చెప్పదలచినది ఒక్కటే. ఎవరైనా “నాకు కనబడలేదు, నాకు వినబడలేదు, నాకు అర్థం కాలేదు” అన్నప్పుడు, వారికి ధ్యాస లేదనే ముందు, వారు నిలబడినచోట ఒక్కసారి నిలబడి చూడండి. మన వైపు నుంచి పదిసార్లు చేసిన పరీక్ష వారి వైపు నుంచి చేసిన ఒక్క పరీక్షకు సాటి రాదు.

మీ ఇంట్లో ఒక బిడ్డ కొన్ని అక్షరాలను మాత్రమే పలకలేకపోతున్నా, టీవీ చప్పుడు పెంచమంటున్నా, మాట్లాడేవారి పెదవులవంక తదేకంగా చూస్తున్నా, వీపు తిప్పి చెప్పిన మాటకు తడబడుతున్నా ఆలస్యం చేయకండి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నది కదా అని మాలాగా తృప్తి పడకండి. వైద్యుని చేత వినికిడి పరీక్ష చేయించండి. పుట్టిన కొద్ది రోజుల శిశువుకు కూడా ఈ పరీక్ష చేయవచ్చు. మేము పోగొట్టుకున్న రెండేళ్లు మీరు పోగొట్టుకోవద్దు.

మా మదరసాలో ఇప్పుడు కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడినీ మొదటి వారంలో మేము వెనక నిలబడి, ముఖం కనబడకుండా, మామూలు గొంతుతో స, ష, ఫ పలికించి చూస్తాము. అది వైద్యుని పరీక్ష కాదు. అనుమానం వచ్చినవారిని వైద్యుని దగ్గరకు పంపటానికి మాత్రమే. మా చిన్నమ్మాయికి పాఠం చెప్పేటప్పుడు ఎదురుగా కూర్చుంటాము. ఆమె అరచేతిని మా పెదవుల ముందు పెట్టుకుంటుంది. సీన్‌కు ఊపిరి సన్నగా తగులుతుంది, షీన్‌కు వెడల్పుగా తగులుతుంది. ఆ తేడా చేతితో పట్టుకుని, తరువాత నోటితో పలుకుతుంది. కిందటి నెల సీన్ పూర్తయింది.